చెకింగ్ గారి వెండి చేపలు

మా మామగారు రిటైరై చాలా కాలమైనా వీధిలో అందరూ ఆయన్ని ‘చెకింగ్ గారు’ అనే అంటారు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. స్టాపులో నిలబడితే కండక్టరు పసిగట్టేస్తాడని, మలుపు దగ్గర బస్సు నెమ్మదించగానే వెనక తలుపులోంచి ఎక్కేవారట. ఉద్యోగం వదిలినా ఆ పద్ధతి ఆయన్ని వదల్లేదు. ఇంటికి కూడా ముందు గేటులోంచి రారు. వెనక సందులోంచి వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి, చడీచప్పుడు లేకుండా గదిలో ప్రత్యక్షమవుతారు. అనుమానం లేకపోతే ఆయనకు అన్నం సయించదు. రేపు వాన పడుతుందని రేడియోలో చెప్పినా, “వీడెందుకు చెబుతున్నాడంటావ్?” అంటారు.

అలాంటి మనిషి నమ్మింది ఒక్క చేపల్నే. ముందు గదిలో గోడ పొడవునా గాజు తొట్టి. అందులో సిల్వర్ డాలర్ అనే జాతి చేపలు ఆరు, ఒక్కొక్కటీ అరచెయ్యంత, గుండ్రంగా, తోమిన వెండి పళ్ళెంలా ఉంటాయి. ఎవరి జోలికీ పోవు. ఒకటి పక్కకు తిరిగితే అన్నీ తిరుగుతాయి. ఆకు కనిపిస్తే మాత్రం వదలవు. అందం కోసం తొట్టిలో నాటిన మొక్కలు తెల్లారేసరికి మాయమైతే మామగారు పనిమనిషిని నిలదీశారు. ఆవిడ చీపురు అక్కడే పడేసి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

“వీటిలో దొంగ లేదమ్మాయ్,” అని మురిసిపోతూ పాలకూర వేసేవారు.

ఆ తొట్టి పక్కనే, కిటికీ దగ్గర నా కుట్టుమిషను. బట్టలు కుట్టడం నా పని. ఇంట్లో దారం కనిపించేంత వెలుతురు పడేది అక్కడొక్కచోటే.

ఒకరోజు పెద్ద చేప మూతి చిట్లి కనిపించింది. ఆ తర్వాత తొట్టి అడుగున పొలుసులు. మామగారు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, ఆ చూపు అలాగే నా మీదికి తిప్పారు.

“నేనెప్పుడొచ్చినా ఇవి మూలకి చేరి వణుకుతుంటాయి. నేనెప్పుడొచ్చినా ఇక్కడ నువ్వే ఉంటావు.”

“మామయ్యగారూ, ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఇదే మిషను. అప్పుడు లేని దెబ్బలు ఇప్పుడెందుకు తగులుతాయి?”

“నేనూ అదే అడుగుతున్నా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం తనిఖీలు పెంచారు. పొద్దున వంటింటి వైపు నుంచి, మధ్యాహ్నం వరండా వైపు నుంచి. నేను కిటికీ వైపు తిరిగి కుట్టుకుంటూ ఉంటే వెనక నీళ్ళు దబ్బుమనేవి. తిరిగి చూస్తే మామగారు! మిషను గెంటించడానికి ఈయనే అద్దం మీద కొడుతున్నారేమోనని నాకూ అనుమానం పట్టుకుంది.

“మీ ఇద్దరికీ ఒకటే జబ్బు,” అంది అత్తయ్య.

చివరికి తీర్పు వచ్చేసింది. ఆదివారం నాటికి మిషను పెరట్లోని రేకుల కొట్టులోకి పోవాలి. అక్కడ పట్టపగలే సూదిలో దారం ఎక్కదు, ఇక నా పని మూతపడినట్టే. మా ఆయనకు తండ్రి ముందు నోరు పెగలదు. “పోనీలే, సర్దుకో,” అన్నాడు.

సర్దుకోలేదు. శనివారం మిషను అటు తిప్పి, తొట్టికి ఎదురుగా కూర్చున్నాను. మామగారు వస్తే పట్టుకుందామని. చేపలు ఒకటొకటిగా నా వైపు అద్దం దగ్గరికి చేరాయి. మిషను గడగడమంటున్నా వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. కాసేపటికి లోపలి తలుపు తెర కింద రెండు ఉత్త పాదాలు కనిపించాయి. నన్ను పట్టుకోవడానికి ఆయన కూడా కాపు కాశారన్నమాట! నేను తలెత్తలేదు, ఆయన కదల్లేదు.

ఇక ఓపిక పట్టలేక ఆయన తెరను ఒక్క లాగు లాగి గదిలోకి దూకారు.

ఆరు చేపలూ ఒక్కసారిగా చెదిరి పరుగెత్తాయి. పెద్దది ఎదుటి అద్దానికి దబ్బున కొట్టుకుని, పక్కకు ఒరిగి మెల్లగా కిందికి జారింది. ఇద్దరం కళ్ళారా చూశాం. చేపలు చిన్నప్పుడూ ఇలాగే కొట్టుకుని ఉంటాయి. ఇప్పుడు బరువెక్కాయి కాబట్టి దెబ్బ తెలుస్తోంది.

మామగారు ఒక అడుగు ముందుకు వేశారు. మిగతావి మూలలో ఇంకా ముడుచుకుపోయాయి. వేసిన అడుగు వెనక్కి తీసుకుని, తెర అంచు చేతిలో పట్టుకునే నేల మీద కూలబడ్డారు. మెల్లగా పెద్దదాని మొప్పలు ఆడడం మొదలైంది.

“నేనెక్కగానే బస్సంతా ఇలాగే అయ్యేదమ్మాయ్. టికెట్ ఉన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవాళ్ళు. వాళ్ళందరి మనసులోనూ ఏదో ఉందనుకునేవాణ్ణి.”

నాకు జాలేసింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. “మిషను ఇక్కడే ఉంటుంది,” అన్నాను. ఆయన తలూపారు.

పెద్ద చేప బతికింది, మూతి కాస్త వంకరపోయింది. మామగారు ఇప్పుడు ముందు గేటులోంచే వస్తారు. చెప్పులు టపటపలాడిస్తూ, గది గుమ్మం దగ్గర ఆగి గట్టిగా దగ్గి, చేపలు తన వైపు తిరిగాకే లోపల అడుగు పెడతారు. చేపలతో మొదలైన ఆ అలవాటు మెల్లగా ఇల్లంతా పాకింది.

మొన్న వంటింటి గుమ్మం దగ్గర కూడా దగ్గారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అలికిడి ఎన్నడూ ఎరగని అత్తయ్య, గరిటె పట్టుకుని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“ఏమేవ్, ఈయన చెప్పి మరీ లోపలికొస్తున్నారు. ఏం చేసొచ్చారో కాస్త కనుక్కో.”