ఒక్క పేపరు కోసం పోట్లాడితే

ఈ రోజు మా స్కూలు స్టాఫ్ రూములో కొట్టుకున్నంత పనైంది.

పదో తరగతి ప్రీ-ఫైనల్ లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఒకమ్మాయి ప్రశ్నలో ఉన్న 18ని 81గా దించుకుంది. ఆ తర్వాత స్టెప్పులన్నీ కరెక్టే, జవాబు మాత్రం తప్పు. ఆ లెక్కకు మార్కులు పడితే పాస్, లేకపోతే ఫెయిల్.

మా లెక్కల హెడ్ సార్ చూసి, "కీలో గీ జవాబు లేదు గదమ్మా. సున్నా వెయ్" అన్నారు.

"పిల్లకి లెక్క వచ్చు సార్! తప్పుగా దించుకున్నందుకు ఒక మార్కు కొయ్యండి, మిగతావి ఇవ్వాల్సిందే." నా గొంతు పెరిగింది. సోషల్ టీచర్ టీ కప్పుతో సహా బయటికి నడిచింది.

సార్ పేపరు తీసుకుని ఒక్కో స్టెప్పూ వేలు పెట్టి చూశారు. "సరే, ఇయ్యి. మరి ఈ పిల్లకొక్కదానికేనా? పొద్దున దిద్దిన కట్టలు సుత విప్పు. గిట్ల దించుకున్నోళ్లందరికీ గదే రూల్."

గెలిచానన్న సంబరం అక్కడితో సరి. విసుక్కుంటూనే విప్పాను. మొదటి కట్టలోనే ఒక పిల్లాడు 18ని 13గా దించుకున్నాడు. కింద స్టెప్పులన్నీ ముత్యాల్లా ఉన్నాయి. పక్కన నా ఎర్ర పెన్నుతో నిండు సున్నా. పొద్దున నేనూ జవాబే చూశాను, లెక్క చూడలేదు.

సున్నా కొట్టేసి, ఒక్క మార్కు కోసి మిగతావి వేశాను. ఆ సున్నా పెట్టిన చేతికి మీరైతే ఎన్ని మార్కులు వేస్తారు?