పడినా నవ్విన మా ఆయన

బూటును పట్టేసే పెడళ్ళున్న నా మౌంటెన్ బైక్ మీంచి పోయినేడు, కాలు పెడల్ నుంచి ఊడిరాక, పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఇక ఎక్కనన్నాను. ఈ రోజు పొద్దున మా ఆయన ఆ పెడళ్ళలో మట్టి తీసి, నూనె వేసి, కాలు తేలిగ్గా ఊడొచ్చేలా స్ప్రింగు వదులు చేశారు.

"మళ్ళీ పడితేనండీ?"

"పక్కనే ఉంటాగా. మడమ బయటికి తిప్పు, చాలు."

విస్సన్నపేట వైపు తోటల దారిలో చెరో సైకిల్ మీద వెళ్తుంటే, మలుపులో మామిడికాయల ట్రాక్టర్ ఎదురొచ్చింది. బ్రేకు నొక్కాను. మడమ తిప్పాను. బూటు పెడల్ నుంచి ఊడి కాలు నేలకి ఆనింది. నన్నే చూస్తున్న మా ఆయన అలాంటి పెడళ్ళే ఉన్న తన సైకిల్ నుంచి కాలు తీయడం మర్చిపోయి, సైకిల్‌తో సహా పక్కకి ఒరిగిపోయారు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అని పరుగెత్తాను.

"నువ్వు పడలేదుగా!" అన్నారు, కింద నుంచే నవ్వుతూ.

మీకోసం ఇలా పడిపోయినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉన్నారా?