దావత్ నాటి షుగర్ మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను యూనివర్సిటీ క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి పోస్టింగు. తార్నాక వైపు గేటు దాటగానే మా కేంద్రం. నాలుగు మంచాలు, ఒక ఫార్మసిస్టు, షిఫ్టుకొక స్టాఫ్ నర్సు, స్టార్టవుతుందో లేదో చెప్పలేని అంబులెన్సు. విద్యార్థులు జ్వరాలకూ మెడికల్ సర్టిఫికెట్లకూ వచ్చేవారు. ఉద్యోగులు బీపీ, షుగరు మాత్రలకు వచ్చేవారు. ఆ రెండో రకంలో ఒకడు మల్లేశం, పరిపాలనా భవనంలో సీనియర్ అసిస్టెంటు.

మల్లేశానికి నేను రాసింది గ్లిమిపిరైడ్. క్లోమాన్ని తట్టి లేపి ఇన్సులిన్ విడుదల చేయించే మాత్ర. మనం తిన్నామా లేదా అన్నది దానికి పట్టదు. అందుకే అది రాసే ముందు మద్యం అలవాటుందా అని అడగడం పద్ధతి. అడిగాను. పక్కనే భార్య పద్మ కూర్చుని ఉంది. "రామ రామ! అసల్కే లేదు మేడం" అన్నాడు. అబద్ధమాడాడని అనను. దావత్‌లో తాగింది ఆయన లెక్కలో తాగుడు కిందికి రాదు. మా ఊళ్లో ఎవరి లెక్కలోనూ రాదు.

బోనాల ఆదివారం డ్యూటీ నాకే పడింది. పండగ డ్యూటీ ఎప్పుడూ నాకే ఎందుకు పడేదో రోస్టరు వేసినవాళ్లనే అడగాలి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక ఆటో వచ్చి ఆగింది. మల్లేశాన్ని చెరో రెక్కా పట్టుకుని పద్మ, ఆమె తమ్ముడు శ్రీను దించారు. శ్రీను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. మనుషుల కంటే ముందు విస్కీ వాసన లోపలికి వచ్చింది. సిస్టర్ ముక్కు చిట్లించి మూల మంచం చూపించింది.

"ఏం కాలే మేడం, జర ఎక్కువైంది. గంట పండుకుంటే దిగుతది. అక్కనే ఊకె పరేషాన్ చేస్తుంది" అన్నాడు శ్రీను.

"దిగుతదో దిగదో నాకెర్క లేదు. ఈయన నన్ను మీరు అంటుండు మేడం" అంది పద్మ. "మీరెవలమ్మా, కూసోండి అంటుండు. లగ్గమైన కాడికెల్లి ఏమే అనుడు తప్ప ఇంకో మాట ఎర్గడు. నాకు బుగులైతుంది."

వైద్యంలో దీన్ని స్పృహలో మార్పు అంటారు. ఇంత కచ్చితమైన వర్ణన నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

మల్లేశం చొక్కా వానలో తడిసినట్టు ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. మందు వాసన వచ్చినవాడికి ముందు వేలికి సూది, తర్వాతే తీర్పు అన్నది నా దగ్గర నియమం. గుచ్చాను. షుగరు ముప్పై ఒకటి. డెబ్బైకి తగ్గితేనే మేము లేచి నిలబడతాం. ముప్పై ఒకటంటే పరుగెత్తాలి. సిస్టర్ నరం దొరకబుచ్చుకుంది, గ్లూకోజు ఇంజెక్షన్ ఎక్కించాం.

ఆ పని జరుగుతుండగానే అడిగి తెలుసుకున్నాను. అన్నం తగ్గించమని నేను చెప్పి ఉన్నాను కదా, దావత్ ఉందని మల్లేశం పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట. పరగడుపునే మాత్ర వేసుకున్నాడు. కూర్చునే ముందు అడ్వాన్సుగా ఇంకొకటి వేసుకున్నాడు. రెండు మటన్ ముక్కలతో విస్కీ కానిచ్చాడు. అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "గంత కంట్రోల్ చేసిండు మేడం బావ" అని శ్రీను గర్వంగా చెప్పాడు.

మత్తు దిగడానికి పద్మ ఉప్పేసి నిమ్మకాయ నీళ్లు తాగించిందట. చక్కెర వేశావా అని అడిగాను. తాగింది నేనేమో అన్నట్టు చూసింది.

"షుగర్ పేషెంటుకు చక్కెర ఎట్లేస్త? మీరే వద్దంటిరి గద!"

ఇంటిల్లిపాదీ నా మాట పొల్లుపోకుండా పాటించి మనిషిని ఇంతదాకా తెచ్చారు. కడుపులో తిండి లేనప్పుడు కాలేయం తన దగ్గరున్న చక్కెర వదిలి మనిషిని కాపాడుతుంది. మద్యం పోస్తే అది దాన్ని అరగదీసే పనిలో పడి ఈ పని మానేస్తుంది. మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

కాసేపటికి మల్లేశం కళ్లు తెరిచాడు. "ఏమే, గీడికెందుకు తెచ్చినవ్?" అన్నాడు. పద్మ మంచం కోడు పట్టుకుని కింద కూలబడి ఏడ్చింది. తర్వాత, "నీ దావత్ పాడుగాను" అని అందుకుంది.

"లేచిండు గద మేడం, ఇగ పోతం. మటన్ చల్లారుతది" అన్నాడు శ్రీను.

నాకు ఒళ్లు మండింది. ఆ మాత్ర రేపటిదాకా పనిచేస్తుందనీ, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడితే నిద్రలోనే పోతాడనీ, పెద్దాసుపత్రికి పంపుతున్నాననీ చెప్పాను. పద్మ వెనకాడింది. తెల్లారితే ఆఫీసంతా తెలిసిపోతుందని ఆమె భయం. పరువు పోతే మళ్లీ వస్తుంది, మొగుడు రాడు అన్నాను. పద్మ లేచి ఆయన చెప్పులు చేతిలోకి తీసుకుంది.

అంబులెన్సు డ్రైవరు బండి బయటికి తీస్తున్నాడు. నేను ఫోనులో పెద్దాసుపత్రి డ్యూటీ డాక్టరుకు కేసు వివరిస్తున్నాను. లోపల్నుంచి పద్మ కేక పెట్టింది.

"మేడం! మళ్ల మీరు అంటుండు!"

మళ్లీ గుచ్చాను. నలభై కూడా లేదు. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి, డ్రిప్పు పెట్టి పంపాం. అంబులెన్సు ఆ రోజు మొదటిసారికే స్టార్టయింది. మల్లేశం మర్నాడు సాయంత్రం ఇల్లు చేరాడు. ఆ మాత్ర తీసేసి వేరేది రాశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఎవర్నీ తాగుతారా అని అడగలేదు. ఈసారి దావత్ ఎవరింట్లో అని అడిగేదాన్ని. దానికి అబద్ధం చెప్పినవాడు లేడు, వంటకాలతో సహా చెప్పేవారు. అది విన్నాకే మాత్ర రాసేదాన్ని. అన్నం తగ్గించమన్నప్పుడల్లా మానేయమనలేదని గట్టిగా చెప్పేదాన్ని. చెమటలు పట్టి మాట తేడా వస్తే, మింగగలిగితే ముందు చక్కెర పెట్టి, వెంటనే తీసుకురమ్మని ఇంట్లోవాళ్లకూ చెప్పేదాన్ని.

పద్మ నెలనెలా మాత్రలకు వచ్చేది. ఎలా ఉన్నాడని అడిగితే, "ఏమే అనే అంటుండు మేడం" అనేది. నేను నార్మల్ అని రాసుకునేదాన్ని.