ఏం చెప్పేరండీ?

రాజోలు బస్టాండు ముందు పీచు లోడు లారీ ఒకటి గట్టిగా బ్రేకు వేసి ఆగింది. తాళ్ళ సందుల్లోంచి దుమ్ము లేచి నా చీర మీదా, పెదాల మీదా వాలింది. కొబ్బరి పీచు దుమ్ము వాసన తగిలితే మా నాన్న దగ్గు గుర్తొస్తుంది నాకు. ఆ దగ్గు వెనకాలే మా పక్కింటి కరుణమ్మగారు గుర్తొస్తారు. ముప్పయ్యేళ్ళు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారావిడ. ఊరంతా సిస్టరుగారనే పిలిచేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే పాస్టరుగారు కూడా శ్రుతి సర్దుకోవాల్సిందే. నిరుడు పోయారు. నాకు ఉద్యోగం ఇచ్చింది ప్రభుత్వమే కానీ, నోరిచ్చింది మాత్రం ఆవిడే.

నాన్న పాతికేళ్ళు పీచు మిల్లులో పనిచేశాడు. మిల్లు మానేసిన రెండేళ్ళకి ఆయాసం మొదలైంది. గుమ్మం దాటితే ఆయాసం, అన్నం ముద్ద మింగితే ఆయాసం. నాకు అమ్మ లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు, ఉన్నది నాన్న ఒక్కడే. ఆయన ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో పిల్లి కూత వినిపించేది. మంచి డాక్టరు కోసం తెలిసిన ప్రతివాళ్ళనీ అడిగాను. మా కోనసీమలో కాఫీ ఇచ్చినంత ధారాళంగా డాక్టరు పేరు కూడా ఇస్తారు. వారం తిరిగేసరికి నా పుస్తకంలో పదకొండు పేర్లు చేరాయి. సిస్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చదివి పకపకా నవ్వారు.

‘ఇందులో ఎముకల డాక్టరు కూడా ఉన్నాడేంటే సునీతా? మీ నాన్న కాలు విరగ్గొట్టుకున్నాడా?’

‘చాలా మంచాయనంటండీ.’

‘మంచాయనే. అయితే పెళ్ళికి పిలు. ముందు ఊపిరితిత్తుల చదువు చదివినవాళ్ళని ఉంచి మిగతావాళ్ళని కొట్టెయ్. అందులోనూ, ప్రాణం మీదికొస్తే ఐసీయూలో కూడా తామే చూసేవాళ్ళెవరో ఆరా తియ్యి. రోగం ముదిరేక కొత్త మొహానికి మొదట్నుంచీ కథ చెప్పుకోలేం.’

ఆరా తీస్తే చివరికి ఇద్దరే మిగిలారు. మొదటి ఆయన దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. మేడంత బోర్డు, కుర్చీలు చాలక గోడకి ఆనుకున్న జనం. ఇంతమంది వస్తున్నారంటే గొప్ప డాక్టరే అనుకుని నేను సంబరపడ్డాను. సిస్టరుగారు మాత్రం లోపలి గుమ్మం పక్కన కుర్చీ సంపాదించుకుని, బయటికొస్తున్న ఒకాయన్ని ఆపారు.

‘డాక్టరుగారు ఎలా చూసేరండీ?’ అని నేనడగబోతే ఆవిడ నా చెయ్యి నొక్కి, తనే అడిగారు. ‘డాక్టరుగారు మీకు ఏం చెప్పేరండీ?’

‘మందులు వాడమన్నారండీ.’

‘ఏం జబ్బన్నారు?’

‘అదేనండీ... నెమ్ముకేనండీ... హస్తవాసి మంచిదండీ ఆయనది.’

అలా నలుగుర్ని అడిగారు. నలుగురూ డాక్టరుగార్ని మెచ్చుకున్నారు, ఒక్కరూ తమ జబ్బేమిటో చెప్పలేకపోయారు. సిస్టరుగారు సంచీ సర్దుకుని లేచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉదయం నుంచీ కూర్చున్నాం, ఇంకో ముగ్గురైతే మా వంతు.

‘మీకేం సిస్టరుగారూ, ఊపిరాడనిది మా నాన్నకి!’ అన్నాను, అందరూ వినేలాగే.

ఆవిడ కోప్పడలేదు. ‘అందుకే లేస్తున్నానమ్మా’ అన్నారు. ‘మనవాళ్ళని మంచి డాక్టరేనా అని అడక్కూడదు. మర్యాదకి ఎవర్ని కాదంటారు? ఏం చెప్పేరని అడగాలి. అది చెప్పగలిగితే, ఆ గదిలో ఎవరో నిమ్మళంగా మాట్లాడేరని లెక్క.’

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ పక్కన కూర్చోలేదు నేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండో డాక్టరు అమలాపురంలో, ఒక మామూలు వీధిలో ఉండేవారు. చిన్నావిడే, పుట్టింటివాళ్ళది కడప వైపు. అక్కడ బయటికొచ్చిన ఒక ముసలమ్మ సిస్టరుగారడిగిన ఒక్క ప్రశ్నకి పావుగంట సమాధానం చెప్పింది. తన ఊపిరి గొట్టాలు ఎలా బిగుసుకుంటున్నాయో, ఏ మందు రోజూ వాడాలో, ఏది అవసరానికో, కట్టెల పొయ్యి మానలేదని ఎన్ని చీవాట్లు తిన్నదో, అన్నీ. సిస్టరుగారు కాళ్ళు బారజాపుకుని, ‘ఇక్కడ కూర్చుందాం’ అన్నారు.

లోపల డాక్టరుగారు మా పాత మందుల చీటీ చూస్తూ అడుగుతుంటే, నాన్న ఒంగి కూర్చుని ప్రతి మాటకీ ‘ఆయ్’ అంటున్నాడు. మందులు వేసుకుంటున్నారా? ఆయ్. పీల్చే మందు రోజూ రెండుసార్లు? ఆయ్ అండీ. డాక్టరుగారు కలం కింద పెట్టారు.

‘పెద్దాయనా, మా వైపు ఈ ఆయ్ లేదు. దీనికి అర్థం అవుననా, విన్నాననా, ఇక చాలనా? నాకింతవరకు తెలియలేదు. ఆ మందు ఎలా తీసుకుంటున్నారో చేసి చూపించండి.’

నాన్న నా వైపు చూశాడు. నేను సంచీలోంచి క్యాప్సూల్ తీసి, సీసాలో నీళ్ళు మూతలో పోసి ఇచ్చాను. రోజూ ఇంట్లో ఇచ్చినట్టే. ఆయన నోట్లో వేసుకోబోయాడు. డాక్టరుగారు గబుక్కున చెయ్యి పట్టుకున్నారు. గొట్టంలాంటి చిన్న మెషిన్‌లో పెట్టి, లోపలి పొడిని పీల్చాల్సిన మందది. అయిదు నెలలుగా మా నాన్న చేత దాన్ని నీళ్ళతో మింగిస్తున్నాను! ఆ మెషిన్ బీరువాలో, అట్టపెట్టెలోనే ఉంది, బాగా ఆయాసం వచ్చినప్పటికని దాచాను. మొదట్లో మా ఊళ్ళో ఆ మందు రాసిచ్చిన డాక్టరు అప్పుడేదో చెప్పాడు, మేమిద్దరం ఆయ్ అన్నాం. డిగ్రీ చదివి, మండలాఫీసులో ఉద్యోగం చేస్తూ నేను చేసిన నిర్వాకం అది. నేల చీలితే బాగుండుననిపించింది. డాక్టరుగారు తిట్టలేదు. నాన్న చేత మూడుసార్లు పీల్పించి, నాలుగోసారి నాకు నేర్పించమని ఆయనకే చెప్పారు.

నెల తిరిగేసరికి నాన్న కాలవ గట్టు దాకా నడిచాడు. సంవత్సరం హాయిగా గడిచింది. మళ్ళీ వానాకాలంలో జ్వరంతో మొదలై న్యుమోనియాలోకి దిగింది. ఐసీయూలో ముక్కుకీ నోటికీ బిగించిన మాస్కు వెనక నాన్న కళ్ళు పెద్దవైపోయి ఉన్నాయి. అక్కడా చూసేది ఆ కడప డాక్టరుగారే, నన్ను గదిలోకి పిలిచి మాట్లాడారు. మాస్కు చాలడం లేదన్నారు, గొట్టం అన్నారు, వెంటిలేటర్ అన్నారు. తర్వాతి మాటలు నా చెవుల పక్కనుంచి పోయాయి. ఆయ్ అండీ, ఆయ్ అండీ అంటూ కాగితం తీసుకుని బయటికొచ్చాను.

వరండాలో సిస్టరుగారు లేచి నిలబడ్డారు. ‘ఏం చెప్పేరమ్మా?’

ఊరూపేరూ తెలియనివాళ్ళని అడిగిన ప్రశ్నే నన్నూ అడిగారు. ‘సంతకం పెట్టమన్నారండీ’ అన్నాను. ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

‘మా ఆయనకి గొట్టం వెయ్యాలన్నప్పుడు పెద్ద డాక్టరుగారు గబగబా ఏదో చెప్పేరు. నాకు సగమే అర్థమయ్యింది. ఒంటి మీద యూనిఫాం ఉంది. అందరి ముందూ తెలియలేదని ఎలా అంటాను? ఆయ్ అన్నాను. గొట్టం వేస్తే ఇక మాట ఉండదని నాకప్పుడు తట్టలేదే. ఆ గొట్టంతోనే పోయేరు. వెయ్యకపోతే బతికేవారని కాదు సునీతా. ముందే తెలిస్తే ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళం.’

ఆ పొడుగు గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. లేచి వెళ్ళి డాక్టరుగారి తలుపు తట్టాను. ‘నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండీ’ అన్నాను. ఆవిడ కుర్చీ నా పక్కకి జరుపుకుని మళ్ళీ మొదట్నుంచీ చెప్పారు. గొట్టం వేస్తే ఊపిరితిత్తులకి విశ్రాంతి దొరుకుతుంది, జ్వరం లొంగేదాకా మెషిన్ ఊపిరి ఇస్తుంది. ఆయనవి అరిగిపోయిన ఊపిరితిత్తులు కాబట్టి తియ్యడం ఆలస్యం కావచ్చు, తియ్యలేకపోవచ్చు కూడా. ఆయనింకా తెలివిలోనే ఉన్నారు. వెళ్ళి ఆయన్నే అడగండి, పది నిమిషాలు ఆగగలను అన్నారు.

నాన్న చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. ఆయన తలాడించి, మాస్కులోంచే ‘ఆయ్’ అన్నాడు.

‘ఆయ్ కాదు నాన్నా. ఏం చెప్పేను?’

కాసేపు రొప్పాడు. ‘మాటుండదు... తీస్తే తీస్తారు... లేపోతే లేదు’ అన్నాడు. తర్వాత నా వేళ్ళు పట్టుకుని, ‘కాయలు దింపేవాడొస్తే తూర్పు చెట్టు ఎక్కొద్దను. కందిరీగలు పట్టేయి’ అన్నాడు. ‘నువ్వు అన్నం తిను. ఇక వెయ్యమను.’

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వెళ్ళి సంతకం పెట్టాను. ఆరో రోజున గొట్టం తీశారు. ఇప్పుడు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఊపిరి తక్కువ, పెత్తనం ఎక్కువ. గొట్టం తియ్యలేకపోయినా ఆ పది నిమిషాలు నాకు మిగిలేవి. తనకి దక్కని ఆ నిమిషాల్ని సిస్టరుగారు నాకిచ్చారు.

మొన్న మా ఆఫీసుకి పింఛను ఆగిపోయిందని ఒక పెద్దాయన వచ్చారు. ఏ కాగితాలు తేవాలో, ఎక్కడ ఇవ్వాలో చెప్పాను. ఆయ్ అండీ, ఆయ్ అండీ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచాను.

‘ఏం చెప్పేను బాబాయిగారూ?’

ఆయన నా మొహం చూసి బోసిగా నవ్వేశారు. ‘తెలీలేదమ్మా’ అన్నారు.

నా కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను.