సాక్చిలో పెట్టిన సంతకం

2007 చలికాలం. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు విశాఖపట్నంలో హౌరా వైపు వెళ్లే రైలెక్కాను. ఖరగ్‌పూర్‌లో దిగి టాటానగర్ బండి పట్టుకోవాలి. బావమరిది పెళ్లిచూపులని ఆఫీసులో అబద్ధం చెప్పి రెండో శనివారం, ఆదివారం పోను సోమవారానికి సెలవు రాశాను. నేను పగలు సర్కారు గుమాస్తాని, మిగతా వేళల్లో పేరు చెప్పని బ్లాగరుని. మిగతా వేళల్లో అనడం కూడా అబద్ధమే. సగం పోస్టులు ఆఫీసు కంప్యూటర్లోనే పెట్టేవాణ్ణి.

ఖరగ్‌పూర్, టాటానగర్ వైపు వలస వెళ్లిన మన కూలీల గోడు రాసేవాణ్ణి. పేపర్లు రెండు లైన్లలో తేల్చేసిన ధర్నాకు నేను రెండు పేజీలు ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఒక టీవీ వాళ్లు నా రాత పట్టుకుని గంటసేపు చర్చ పెట్టారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

నెల కిందట, టాటానగర్ స్టేషను ఉన్న జంషెడ్‌పూర్ నుంచి సునీత అనే అమ్మాయి ఒక ఫొటో పంపింది. వాళ్ల నాన్న అప్పలరాజు రైలు బోగీలు కడిగే కాంట్రాక్టు కూలీ. పనిలోంచి తీసేసిన తోటివాళ్ల కోసం ఆ ఊరి సాక్చి బజార్లో ధర్నాకు కూర్చున్నాడు. ఫొటోలో ముందు వరసలో అతను, వెనక కొట్లో పదకొండు చూపిస్తున్న గోడ గడియారం. వెంటనే బ్లాగులో పెట్టేశాను. మూడోనాడు ఎవరో, ఇది పెట్టినవాడెవడో కనుక్కుంటామని దాని కింద కామెంటు రాశారు. పోస్టు తీసేశాను, మెయిలు కూడా చెరిపేశాను. అప్పలరాజుకు ఇబ్బంది రాకూడదనే అలా చేశానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉత్తమాట. నా ఉద్యోగం పోతుందని వణికాను.

తర్వాత సునీత మెయిలు వచ్చింది. ధర్నా రోజునే, సరిగ్గా పదకొండు గంటలకు, ఊళ్లో ఇంకో చోట, బిష్టుపూర్‌లో, కాంట్రాక్టరు ఆఫీసు మీద రాళ్లు పడ్డాయట. దగ్గరుండి వేయించింది అప్పలరాజేనని పనిలోకి రానిచ్చే అతని గేట్‌పాసు లాక్కున్నారు. సోమవారం లేబరు ఆఫీసులో విచారణ. ఆ పిల్ల ఫోన్లో మెమరీ నిండిపోయి ఫొటో తీసేసింది, పంపిన మెయిలు కాపీ కూడా దాచుకోలేదు. మీ పేజీలో ఉంటుంది కదా, కనపడటం లేదేమిటి అని అడిగింది. నేనే చెరిపేశానని రాయడానికి చెయ్యి రాలేదు. ఎదురుగా చెబుదామనే ఈ ప్రయాణం.

శనివారం ఉదయం ఏడింటికి ఖరగ్‌పూర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం మీద పూరీ, ఆలూ కూర తిని, ఎనిమిదింటి బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఒక తెలుగాయన, టాటానగర్‌లో ట్రాక్ మీద పని చేస్తాడు, సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. పేపరు మడిచి పక్కన పడేసి, తనంతట తానే మాట కలిపాడు.

"పేపరోడి మాట మా పేటలో ఇప్పుడెవుడూ నమ్మడు బాబూ. నెట్‌లో ఎవుడో తెలుగోడు రాత్తన్నాడంట. ఆడు దేనికీ బయపడడంట."

ఆ తెలుగువాణ్ణి నేనేనని చెప్పలేదు. ఘాట్‌శిలా దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే కూర్చున్నాను. సిగ్గేసింది.

పదకొండుకు టాటానగర్. స్టేషను బయట షేర్ ఆటోలో ఎక్కితే జుగ్‌సలాయి, బిష్టుపూర్ మీదుగా సాక్చికి అరగంట. బజార్లోనే చిన్న లాడ్జిలో గది దొరికింది. వేణ్నీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చిస్తారు. ఫోను చేస్తే తండ్రీకూతుళ్లు కింద టీ కొట్టు దగ్గరికి వచ్చారు. అప్పలరాజుకు యాభై ఏళ్లుంటాయి. చేతులు సబ్బునీళ్లకు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సునీత నా మొహంలోకి సూటిగా చూసింది. "డర్ గయే థే, అంకుల్?"

అవునమ్మా, భయపడ్డాను అన్నాను. అప్పలరాజు కూతుర్ని కసరలేదు. బయం ఎవుడికి నేదు బాబూ, ముందు టీ తాగు అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ పిల్ల ఫొటో పంపిన నెట్ సెంటరు పక్క సందులోనే ఉంది. కంప్యూటర్లో ఏమైనా మిగిలిందేమోనని వెళ్లాం. ఏమీ లేదు. కానీ యజమాని బెంగాలీబాబు ఇంకో సంగతి చెప్పాడు. భాలుబాసాలో ఉండే రిటైర్డు గార్డు ఒకాయన రోజూ వచ్చి ఏదో తెలుగు పేజీ ప్రింటు తీయించుకుపోతాడట. మొదట్లో అక్షరాల బదులు డబ్బాలు వస్తుంటే, పోరి పోరి తెలుగు ఫాంటు వేయించుకున్నది కూడా ఆయనేనట. రిక్షా ఎక్కి ఇరవై నిమిషాల్లో ఆయన గుమ్మం ముందున్నాం.

ఆయన పేరు రాములు. ఆ పేజీ రాసేది నేనేనని సునీత చెప్పింది. కంప్యూటరు ముట్టుకోడు. నా పోస్టులన్నీ గార్డు రోజుల నాటి ఫైలుకు కుట్టి ఉంచాడు. ఆదివారాల్లో రైల్వే తెలుగువాళ్లు చేరితే బిగ్గరగా చదివి వినిపిస్తాడట. నా రాతలు అలా గొంతెత్తి చదువుతారని నేను కలలో కూడా అనుకోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కొక్క కాగితమే తిప్పి, ఆగాడు. ఆ ఫొటోయే, ప్రింటు నల్లగా అలికేసినట్టుంది. అయినా అప్పలరాజు మొహం తెలుస్తోంది, గడియారం ముళ్లు తెలుస్తున్నాయి. కింద నేను పోస్టు చేసిన తేదీ, ధర్నా నాటిదే, టైము: పదకొండూ ఇరవై. సునీత కాగితం పట్టుకుని ఏడ్చేసింది.

రాములుగారు మాత్రం నావైపు తిరిగాడు. "ఇది రాసినోడి పేరేది బాబూ? పేరు నేకుండా రాసినోడి మాట ఆఫీసరెందుకు ఇంటాడు?"

నా కళ్లు ఆ పదకొండూ ఇరవై మీదే ఉన్నాయి. పనిదినం, ఆఫీసు వేళ, ఆఫీసు కంప్యూటరు. కింద నా పేరు రాస్తే నా మీద నేనే ఫిర్యాదు రాసుకున్నట్టు. లోపల్నించి రాములుగారి భార్య వచ్చి పప్పు, చారుతో భోజనం వడ్డించింది. అప్పలరాజు తన విస్తరి కేసి చూస్తూ తింటున్నాడు. చెయ్యి కడుక్కొచ్చి కలం అడిగాను. కాగితం వెనక నా పేరు, హోదా, ఆఫీసు చిరునామా, ఈ ఫొటో బ్లాగులో పెట్టింది నేనేనన్న మాట రాసి సంతకం పెట్టాను.

సోమవారం పదింటికి తండ్రీకూతుళ్లు కాగితం తీసుకుని లోపలికి వెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆఫీసరు నన్ను పిలిచి, రాసింది మీరేనా అని ఒక్క ప్రశ్న వేశాడు. నేనే అన్నాను. సాయంత్రానికి తేలుస్తామన్నారు. నాకు మధ్యాహ్నం బండి ఉంది. రాములుగారు స్టేషను దాకా వచ్చి, ఆ కాగితం జెరాక్సు నా సంచిలో పెట్టాడు.

సాయంత్రం ఖరగ్‌పూర్‌లో బండి మారుతుంటే సునీత ఫోను చేసింది. నాన్నకు గేట్‌పాసు తిరిగి ఇచ్చేశారట. ఇంకో సంగతి కూడా చెప్పింది. లేబరు ఆఫీసు నుంచి మా ఆఫీసుకు ఫోను వెళ్లిందట, అలాంటి మనిషి నిజంగా ఉన్నాడా అని. ఉన్నాడని చెప్పారట. మంచిదేనమ్మా అన్నాను. నిజంగానే అన్నాను.

మంగళవారం పొద్దున్న విశాఖలో దిగి, ఇంటికి వెళ్లకుండా స్టేషను ఎదుట నెట్ సెంటర్లో కూర్చున్నాను. జెరాక్సు స్కాను చేయించి పోస్టు మళ్లీ పెట్టాను. ఈసారి పైన నా పేరు రాశాను. టైము చూసుకున్నాను, తొమ్మిదీ నలభై. ఆఫీసుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.