మూడు చేపలకి బాల్చీ పోయ్

హలావా లోయ ఎగువన చేమ మడులు లుయికావి. అంగడిలో చిల్లర దగ్గర ఆమె చాలాసార్లు మోసపోయింది. మనవరాలు ఇవాలానికి ఆ గతి పట్టకూడదని తొమ్మిదేళ్లకే సెంట్లూ డాలర్లూ నేర్పింది. లెక్క తప్పితే ఆ పూట తిండి లేదు. పిల్ల త్వరగానే నేర్చుకుంది.

ప్రతి శనివారం లుయికా చేమదుంపలు ఉడికించి, రాతితో మెత్తగా దంచి, ఆ పోయ్‌ని బాల్చీకెత్తి ఒడ్డున ఉండే హనాలెకి పంపేది. అతను చేపలు పంపేవాడు. నలభై ఏళ్లుగా ఎవరెంత ఇచ్చారని ఇద్దరూ అడగలేదు. మాలో అది అడిగే మాట కాదు. ఆ ఏడు హనాలె కుడిచెయ్యి పడిపోయింది. వల విసరలేడు. ఎడమచేత్తో గాలం వేసి, దొరికినవే పంపేవాడు.

నాది అతని పక్కిల్లు. ఓ శనివారం పోయ్ తెచ్చిన ఇవాలాని, హనాలె ఇచ్చిన చేపల ఆకు పొట్లం నా ఎదుటే విప్పి చూసింది.

"మూడేనా అంకుల్? బాల్చీ పోయ్ అంగడిలో డాలరు. ఇవి ముప్ఫై సెంట్లు కూడా చెయ్యవు. మా టూటూకి నష్టం కదా?"

"మీ నాయనమ్మ లెక్కలు బాగానే నేర్పింది," అన్నాడు హనాలె.

ఆ సాయంత్రం తన వల నాకు అమ్మాడు. ఆరు డాలర్లు. బేరమాడలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఇంటికెళ్లి పిల్ల గొప్పగా చెప్పిందట. చెంప వాచేలా కొట్టి, తర్వాతి శనివారం లుయికాయే బాల్చీ మోసుకుని దిగింది.

"పిల్ల వాగుడు పట్టించుకోకు, హనాలె."

"తప్పేమంది? లెక్క సరిగ్గానే ఉంది. ఎంత?"

"నీ దగ్గర డబ్బు పుచ్చుకుంటానా?"

"అయితే పట్టుకుపో. నేను అడుక్కుతినేవాణ్ణి కాదు."

పట్టుకుపోతే అతనికి తిండి లేదు. బాల్చీ కింద దించి, "యాభై సెంట్లు," అంది.

"డాలరని మీ పిల్లే చెప్పింది."

లుయికా డాలరు తీసుకుంది. అలా ఆరు వారాలు తీసుకుంది. ఏడో వారం హనాలె తలుపు తియ్యలేదు.

"ఆకలి లేదు లుయికా," అన్నాడు లోపల్నించే.

ఆమె బాల్చీ గుమ్మంలో పెట్టి వెళ్లింది. మర్నాడు మనవరాలితో వచ్చి చూస్తే పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.

"అంగడికి అమ్మేద్దామా, టూటూ?" అంది ఇవాలాని.

ఈసారి లుయికా కొట్టలేదు. "అమ్ము," అంది.