తోపు చుట్టూ కంచె

మా అత్తగారు అమెరికా వచ్చిన మర్నాడే వంటింటి కిటికీలోంచి ఆ రాళ్ళని చూశారు. మా పెరడు దాటాక, మొక్కజొన్న చేను మొదలయ్యే చోట, తుప్పుపట్టిన ఇనప చువ్వల మధ్య కొన్ని పాత సమాధులున్నాయి.

“స్మశానం పక్కన ఇల్లు కొన్నారా అమ్మాయ్? పసిపిల్ల తిరిగే కొంప!” అన్నారు.

“స్మశానం కాదత్తయ్యా, హిస్టారిక్ సిమెట్రీ” అన్నాను. పేరు మార్చేస్తే సమస్య పోయిందనుకునే జాతి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ఆవిడకి మాత్రం భయం పోలేదు. రోజూ సాయంత్రం పాపకి దిష్టి తీయడం మొదలుపెట్టారు. పాపకి అప్పుడు నాలుగేళ్ళు. మా ఆయన ఆఫీసు పనిమీద శాంటా క్లారా వెళ్ళి కూర్చున్నారు కనుక ఆ పోరంతా నా ఒక్కదాని చెవినే పడేది. ఆ పడుకున్నవాళ్ళెవరో కనుక్కుని, పాపం మంచివాళ్ళేనని చూపించి ఆవిడ నోరు మూయించాలని పంతం పట్టాను. నాకు పంతం వస్తే అన్నం కూడా సహించదు.

రాళ్ళమీద పాచి గీకి చదివితే తేలింది ఒకటే కుటుంబం. తూర్పు నుంచి ఎద్దుల బండిలో వచ్చి ఈ నేలని మొదట దున్నిన రైతు. అతని భార్య, పిల్లలు. తల్లీ పిల్లలూ పోయింది ఒకే ఏడు, ఒకే శరదృతువులో. అన్నిటికన్నా చిన్న రాయి మీద పేరు కూడా లేదు. రైతు సమాధి మాత్రం ఎడంగా, రెండో భార్య పక్కన ఉంది. ఆయన పండు ముసలి అయ్యేదాకా బతికాడు. ఇంటిల్లిపాదీ పోతే ఆయనొక్కడే ఎలా మిగిలాడో నాకు అర్థం కాలేదు. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. అత్తగారికి ఏమీ చెప్పలేదు.

పక్క పొలంలో రెండు ఆవులతో ఒంటరిగా ఉండే ముసలావిడ ఆ రైతు రెండో భార్య సంతతి. అడిగితే సంతోషంగా కూర్చోబెట్టి మాట్లాడింది.

“మొదటి భార్య మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఏ కలరాయో అయ్యుంటుంది. ఆ ముసలాయన మాకు వదిలిపెట్టింది ఒక్కటే మాట, ఆ సమాధుల వెనకున్న చెట్ల తోపులోకి ఆవుల్ని పోనివ్వకండి అని. మా నాన్న ఏటా తోపు చుట్టూ ఉన్న కంచె బాగుచేసేవాడు. ఎందుకని అడిగితే ఆయనకీ తెలీదు” అంది.

కంచె ఇప్పుడు లేదు. గాలివానకి చెట్టు పడి విరిగిపోయిందట. ఈ ఏడు వేసవంతా చినుకు లేదు. బయట గడ్డి మాడిపోయి తోపు ఒక్కటే పచ్చగా ఉంటే, మూగజీవాలు పస్తులుండటం చూడలేక అటే తోలానంది. నేనూ వెళ్ళి చూశాను. చెట్ల నీడన నేలంతా తెల్లటి గుత్తుల పూలు. బాగున్నాయని ఫోటో తీసుకున్నాను.

ఆ వారమే ఆవిడ ఆవు ఈనింది. అత్తగారి మొహం వెలిగిపోయింది. ఈ దేశంలో జున్నుపాలు దొరుకుతాయని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. స్టీలు చెంబు పట్టుకుని, భాష రాకపోయినా, తానే పొలం దాటి వెళ్ళి నింపించుకొచ్చారు. బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద ఉడికించారు. నాకు ఆ వాసన గిట్టదు, ఆవిడకి పాలు అరగవు. అందుకని గిన్నెడూ పాపకే. “నానమ్మా, ఇంకొంచెం, ప్లీజ్!” అని అది చెయ్యి చాపడం, ఆవిడ మురిసిపోవడం. జున్ను అయిపోయాక కూడా పాలు వస్తూనే ఉన్నాయి, పాప తాగుతూనే ఉంది.

శనివారం పొద్దున కౌంటీ మ్యూజియానికి వెళ్ళాను. అక్కడ వాలంటీరుగా ఉండే పెద్దాయన రిటైరైన పశువుల డాక్టరు. సమాధుల ఫోటోలు చూసి తలూపాడు. ఆ తల్లీ పిల్లలూ పోయిన పంటకాలంలో రైతు గోధుమల బండి తోలుకుని చికాగో వెళ్ళాడని, తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీ అని చెప్పాడు. ఆ తర్వాతి ఫోటో తెల్లపూలది. దాని దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

“ఇక్కడ ఆవులు మేయడం లేదు కదా?”

ఆయన చెప్పింది ఇది. ఆ మొక్క విషం పాలలోకి దిగుతుంది. పాలిచ్చే ఆవు పైకి నిక్షేపంగానే ఉంటుంది, తాగినవాళ్ళకే ముప్పు. ముందు నీరసం, తర్వాత కాళ్ళు వణకడం, వాంతులు. ఆపైన లేవరు. కాచినా ఆ విషం పూర్తిగా పోతుందని నమ్మకం లేదు.

బయటికొచ్చి అత్తగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. డ్రైవ్ చేస్తూ దేవుణ్ణి తిట్టానో మొక్కానో నాకే తెలీదు. మలుపు తిరిగేటప్పుడు పక్కావిడ పశువులపాక ముందు దూడ కనిపించింది. ఆవిడ దాని పొట్టకింద చేతులు పెట్టి లేపుతోంది. దాని ముందుకాళ్ళు వణికి, మళ్ళీ కూలబడింది.

పాప వంటింట్లో గ్లాసు పట్టుకుని ఉంది, మూతికి పాల మీసం. గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను, గిన్నె తీసి బయటికి విసిరేశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, నాకు నిజంగా దుత్త మీదే కోపం. విషయం చెప్పగానే అత్తగారు గోడకి జారబడి, “నా చేత్తోనే పోశానే తల్లీ” అని నోరు నొక్కుకున్నారు. ఆవిణ్ణి ఓదార్చే ఓపిక నాకు లేదు.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఈ జబ్బు పేరే వినలేదన్నాడు. ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి కనుక్కున్నాడు, రక్తం తీశాడు. ప్రస్తుతానికి బాగానే ఉంది, ఇంటికి తీసుకెళ్ళి కనిపెట్టుకుని ఉండండి, ఏమాత్రం తేడాగా ఉన్నా వెంటనే తీసుకురండి అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పక్కావిడ ఫోన్ చేసి దూడ పోయిందని చెప్పింది. ఫోన్ పెట్టేసి పాపని హాల్లోకి తీసుకొచ్చాను.

“సోఫా దాకా పరిగెత్తమ్మా.”

పరిగెత్తింది. ఆట అనుకుని నవ్వింది. మళ్ళీ పరిగెత్తమన్నాను. నేల మీద కూర్చుని దాని మోకాళ్ళనే చూస్తున్నాను. మళ్ళీ. మళ్ళీ.

“చాల్లే అమ్మాయ్, పిల్లని ఊపిరి పీల్చుకోనీ” అన్నారు అత్తగారు, ఏడుపు గొంతుతో.

“ఇంకొక్కసారి” అన్నాను.

పాప సగం దూరం వచ్చి కార్పెట్ మీద కూర్చుండిపోయింది. “అమ్మా, ఐ యామ్ టైర్డ్” అంది.

అంతసేపు పరిగెత్తిన పిల్ల అలసిపోదా మరి, అనుకున్నాను. ఆ తోపు పక్కన కాపురమున్న ఇల్లాలు కూడా మొదటిరోజు అదే అనుకుని ఉంటుంది. లేచి కారు తాళాలు అందుకున్నాను.